గీత లేని కళ్లజోడు

నలువదవ యేడు దాటిన కొలదికాలమునకు కంటిలోని కటకము తన మార్దవమును గోల్పోయి, దగ్గరి వస్తువును జూచునపుడు కావలసినంతగా ఉబ్బజాలక, వార్తాపత్రికను చేసాచి దూరముగా పట్టుకొనవలసిన యవస్థను మనుష్యునకు దెచ్చిపెట్టును. చత్వారమని మనవారు చెప్పునది యిదియే. అంతకుముందే దూరపుచూపునకై అద్దములు ధరించువారికి ఈ దశలో రెండు జోళ్లు కావలసివచ్చును. ఒకటి వీధికి, ఒకటి పుస్తకమునకు. ఈ రెంటిని గడియగడియకు మార్చుకొనుటలోని విసుగునుండియే నేటి ప్రోగ్రెసివ్ అద్దము పుట్టినది.

ఆ విసుగును తాళలేక అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ రెండు జోళ్ల అద్దములను సగమునకు కోయించి, దూరపుచూపు ముక్కను పైనను, దగ్గరచూపు ముక్కను క్రిందను ఒకే చట్రమున బిగింపించుకొనెను. ఫ్రాన్సు దేశమున రాయబారిగా నుండి 1784, 1785 సంవత్సరములలో జార్జి వాట్లీ యను మిత్రునకు వ్రాసిన లేఖలలో ఆయన ఈ జంట అద్దముల సౌఖ్యమును వర్ణించెను. భోజనపుబల్ల యొద్ద తాను తినుచున్న పదార్థమును, ఎదుట మాటలాడువారి ముఖకవళికలును ఏకకాలమున కనబడుటచేత ఫ్రెంచి భాష తనకు మరింత బాగుగా బోధపడుచున్నదని ఆయన అందు చమత్కరించెను. బైఫోకల్ అన్న పేరుతో ఆ యుపాయము నేటికిని బ్రతికియున్నది. అయితే చూపు రెండు ముక్కల నడిమి గీతను దాటినపుడెల్ల ఎదుటి వస్తువు ఒక్కసారి గంతువేసినట్లుండుటయు, చేతికందని, అట్లని దూరమును గాని మధ్యస్థవస్తువులు రెండు ముక్కలలో దేనియందును స్పష్టముగా కానరాకుండుటయు దానితోపాటే బ్రతికియున్నవి.

గీతను చెరిపివేసి, పైనుండి క్రిందికి పవరు క్రమముగా పెరుగునట్టి ప్రోగ్రెసివ్ అద్దమును ఇంగ్లండులో ఓవెన్ ఏవ్స్ అను నతడు ఊహించి 1907లో పేటెంటునకు దరఖాస్తు చేసెను గాని అది అంగడికి రాలేదు. దానిని నిజముగా ధరింపదగిన వస్తువుగా జేసినవాడు ఫ్రెంచి ఇంజినీరు బెర్నార్ మెత్‌నాజ్. ఆయన యెదుర్కొన్న చిక్కు గణితమునకు సంబంధించినదే కాదు, సానపట్టుటకును సంబంధించినది. గోళతలము గల అద్దమును చేయుట సులభము: రెండు తలములను ఒకదానిపై నొకటి అటునిటు రుద్దుచుండినచో వాటంతటవియే గోళాకృతిని దాల్చును. బిందువు బిందువునకును వంపు మారునట్టి తలమున కీ పద్ధతి పనికిరాదు. దానిని చెక్కుటకు యంత్రములను సైతము క్రొత్తగా నిర్మింపవలసివచ్చెను. అట్లు సంవత్సరముల తరబడి శ్రమించిన పిమ్మట 1959లో వారిలక్స్ అను పేర ఆ యద్దము విపణిలో ప్రవేశించెను.

ఇక్కడ పాఠకుడు గమనింపవలసిన ముఖ్యవిషయ మొకటి గలదు. పైన దూరమునకు, క్రింద చదువునకు, నడుమ మధ్యదూరమునకు తగిన పవరును గీత లేకుండ అమర్చినపుడు, ప్రక్కలయందు మసక పుట్టక తప్పదు. పవరు నిలువున నెంత వేగముగా మారునో, ఆ మార్గమునకు ఇరుప్రక్కల అనపేక్షితమైన సిలిండరు పవరు (దిక్కును బట్టి మారు పవరు) దానికి రెట్టింపు వేగముతో పెరుగునని జర్మను గణితజ్ఞుడు మింక్విట్జ్ 1963లో నిరూపించెను. పదునాలుగు మిల్లీమీటర్ల పొడవున పవరు రెండు డయాప్టర్లు (డయాప్టరనగా పవరునకు కొలమానము) పెరుగు అద్దమును తీసికొనినచో, నడిరేఖనుండి మూడున్నర మిల్లీమీటర్లు తొలగునప్పటికే ఒక డయాప్టరు దోషము చేరును. బిందెమీద పరచిన బట్టయం దొకచోట మడత నదిమినచో వేరొకచోట లేచునట్లు, ఈ దోషమును స్థానభ్రష్టముగా జేయవచ్చునే గాని రూపుమాప వీలులేదు. తరువాతి శిల్పుల నేర్పంతయు ఆ మడతను ఎక్కడ దాచవలె నన్న దానియందే వినియోగమైనది. 1972 నాటి రెండవ వారిలక్స్ దానిని విశాలముగా పరచి పలుచబరచెను. దుకాణములలో అంచునుండి అంచువరకు తేటగా కనబడునని చెప్పు మాటను కొంత తగ్గించి వినుట మంచిది.

ఇట్టి సుకుమారమైన యద్దమును వంపు తిరిగిన చలువకళ్లద్దముల చట్రమున బిగించినపుడు కథ మరింత జటిలమగును. ఎండను, గాలిని, ధూళిని ప్రక్కలనుండి చొరనీయకుండుటకై ఈ చట్రములు కణతలవరకు ముఖమును చుట్టుకొనియుండును. మామూలు అద్దము వంపు నాలుగు డయాప్టర్ల ప్రాంతమున నుండగా వీనిది ఎనిమిది. అందువలన కన్ను అద్దమును ఎదురుగా గాక ఏటవాలుగా చూడవలసివచ్చును. మైనస్ నాలుగు పవరు గల మామూలు కటకమును ఇరువది డిగ్రీలు ప్రక్కకు ద్రిప్పినచో, దాని పవరు సుమారు 4.15కు పెరుగుటయే గాక, డాక్టరు వ్రాయని అరడయాప్టరు పైచిలుకు సిలిండరు అందు క్రొత్తగా పుట్టును. పవరే లేని వంపు అద్దము సయితము ద్రిప్పి పెట్టినచో కొంత పట్టకమువలె పనిచేయును. దీనికి తోడు నల్లని అద్దము వెనుక కంటిపాప విప్పారుటచేత, కంటిపాప చిన్నదిగా నున్నపుడు కప్పిపుచ్చుచుండిన మసక యెల్ల బయటపడును.

కంప్యూటరు నడుపు వజ్రపుటులితో ఒక్కొక్కరి కొలతను బట్టి తలమును చెక్కు యంత్రములు వచ్చిన తరువాతనే దీనికి చికిత్స దొరకినది. చట్రపు వంపుకోణము, అద్దమునకు కంటికి గల దూరము, క్రిందికి వాలు, కనుపాప యెత్తు తెలిపినయెడల, ఆ స్థితియందు కన్ను కోరిన పవరునే అనుభవించునట్లు యంత్రము లెక్కను సవరించి చెక్కును. అట్టి అద్దమును వేరొక దుకాణమునకు గొనిపోయి కొలిపించినవారికి పవరు తప్పినదను మాట వినబడుట కద్దు. అది తప్పు కాదు, సవరణ.

ఇక అలవాటు మాట. తల త్రిప్పినపుడు చూపు చెదరకుండ కన్నును ఎదురుదిక్కునకు ద్రిప్పు ప్రతిక్రియ యొకటి మన మెదడులో నిరంతరము పనిచేయుచుండును. అద్దము ప్రతిబింబమును ఏమాత్రము పెంచినను, వంచినను ఆ లెక్క తప్పి, నేల తేలియాడుచున్నట్లును, గుమ్మముల నిలువుకమ్ములు వంగినట్లును తోచును. మెదడు క్రొత్త లెక్కను నేర్చుకొనుటకు కొన్ని దినములు మొదలు రెండు వారములవరకు పట్టవచ్చును. ప్రక్కనున్న వస్తువును కంటికొనతో గాక ముక్కును అటు ద్రిప్పి చూడవలెను. చదువునపుడు గడ్డము పైకెత్తక కన్నులను మాత్రము దించవలెను. మెట్లు దిగునపుడు ఇందుకు మారుగా తలనే వంచి అద్దపు పైభాగమునుండి పాదముల నరయవలెను. ఇంట కూర్చుండి అలవరచుకొనిన పిమ్మటనే వాహనమును నడుపుట క్షేమము. ఇంటిజోడును వంపుజోడును తరచుగా మార్చువారికి మొదట కొంత తికమక అధికముగా నుండును.

రెండు వారములు గడచినను తల దిమ్ముగానే యుండినచో అలవాటు కాలేదని తమ్ము తాము నిందించుకొనుట మాత్రము తగదు. ఒక మిల్లీమీటరో రెండో ఎత్తు తప్పినచో ఎంతటి ఓర్పును దానిని దిద్దజాలదు. ఆప్టీషియను యొద్దకు మరలివెళ్లి, ఆ చట్రమునే ముఖమున ధరించి, కొలతలన్నియు మరల తీయించుకొనవలెను. పవరు మిక్కిలి హెచ్చుగా నున్నవారు మొదటనే వంపు తక్కువగల చట్రము నెంచుకొందురు గాక.