సాధనలోని వేగం పోటీలో ఎందుకు తగ్గుతుంది?

2021 జూన్‌లో రోమ్‌లో జరిగిన సెట్టే కోలీ ఈత పోటీల సందర్భంగా నిర్వహించిన టైమ్ ట్రయల్‌లో భారత ఈతగాడు శ్రీహరి నటరాజ్ 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌ను 53.77 సెకన్లలో పూర్తిచేశారు. అప్పటి ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత కల్పించిన సమయం 53.85 సెకన్లు. నెల రోజులలోపే టోక్యోలో అదే దూరానికి ఆయనకు 54.31 సెకన్లు పట్టింది. రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది అర్హత సాధించిన సజన్ ప్రకాశ్ కూడా టోక్యోలో 1 నిమిషం 57.22 సెకన్లు తీసుకున్నారు. ఇద్దరూ సెమీఫైనల్‌కు చేరలేదు.

ఒక్క ఈతను బట్టి క్రీడాకారుడి సత్తాను తూచడం సరికాదు. అయితే సాధనలో మెరిసి, అసలు పోటీలో వెనుకబడటం పాఠశాల స్థాయి నుంచి ఒలింపిక్స్ వరకూ కనిపించే సమస్యే. దానిని ‘ఇంట్లో పులి, వీధిలో పిల్లి’ అని తీసిపారేస్తే అసలు కారణాలు మరుగున పడతాయి.

మొదటి కారణం కొలతలోనే ఉంది. సాధనలో కోచ్ చేతిలోని స్టాప్‌వాచ్ సమయాన్ని లెక్కిస్తుంది. బజర్ విన్న తరువాత మీట నొక్కడంలో జరిగే స్వల్ప ఆలస్యం ఈతగాడికి కలిసివస్తుంది. పెద్ద పోటీలలో సంకేతంతోనే ఎలక్ట్రానిక్ గడియారం మొదలై, గోడకున్న టచ్‌ప్యాడ్‌ను తాకినప్పుడు ఆగుతుంది. కనుక ఈ రెండు సమయాలను నేరుగా పోల్చకూడదు.

రెండవది పరిస్థితుల తేడా. సాధనలో ఒక ప్రయత్నం చెడితే మరొకటి ఉంటుంది. పోటీలో సంకేతానికి ముందే దూకితే అనర్హతే. వార్మప్ ముగిశాక చాలాసేపు నిరీక్షించవలసి రావడంతో వేడెక్కిన కండరాలు తిరిగి చల్లబడతాయి.

మూడవది ఉద్వేగం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ 1908లో ఎలుకలపై చేసిన ప్రయోగాలను ప్రచురించారు. కష్టమైన పనిని నేర్చుకోవడానికి మితమైన ప్రేరణ తోడ్పడుతుందని, అది తీవ్రమైతే ఆటంకమవుతుందని వాటిలో తేలింది. ఈతలోనూ కొంత ఉద్వేగం అవసరమే. అది హద్దు మీరితే భుజాలు బిగుసుకుంటాయి, బారలు కురచవుతాయి. తొలి 50 మీటర్లలోనే శక్తి ఖర్చయిపోతుంది. అలవాటుగా సాగవలసిన కదలికలను ఒక్కొక్కటిగా సరిచూసుకోవడం మొదలుపెడితే లయ మరింత దెబ్బతింటుంది.

దీనికి పరిష్కారం పోటీ వాతావరణాన్ని సాధనలోకి తీసుకురావడమే. వారంలో ఒక రోజు, వార్మప్ తరువాత కొంతసేపు కూర్చోబెట్టి, పోటీ దుస్తులతో, తోటివారు చూస్తుండగా, ఒకే ఒక్కసారి పూర్తి వేగంతో ఈదించవచ్చు. రెండో అవకాశం ఇవ్వకూడదు. అలాగే సాధనలోని క్రమాన్ని పోటీకి తీసుకువెళ్లాలి. రోజూ చేసే వార్మప్, దూకే ముందు తీసుకునే శ్వాస, మనసులో అనుకునే ఒకటి రెండు మాటలు కొత్త కొలను వద్ద కూడా మారకూడదు. ‘పతకం రావాలి’ అనే ఆలోచన కన్నా ‘బార పొడవుగా’ అనే సూచన నీటిలో ఎక్కువగా ఉపకరిస్తుంది.

ఈ పద్ధతి ఫలితం 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కనిపించింది. 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్‌లో మైఖేల్ ఫెల్ప్స్ కళ్లద్దాలలోకి నీరు చేరి, ఆయనకు గోడ కనిపించలేదు. బారలు లెక్కపెట్టుకుంటూ ఈది, 1 నిమిషం 52.03 సెకన్లలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచారు. ఆయన కోచ్ బాబ్ బౌమన్ అంతకు చాలా ముందే, ఒకసారి కావాలనే ఆయన కళ్లద్దాలను తొక్కి, అటువంటి ఇబ్బందికి అలవాటు చేశారు.

పెద్దల పాత్ర కూడా తక్కువేమీ కాదు. నీటిలోంచి పైకి వచ్చిన పిల్లవాడిని ముందుగా ‘ఎన్ని సెకన్లు?’ అని అడిగితే, తరువాతి పోటీలో అతని చూపు గడియారంపైనే ఉంటుంది. ‘అనుకున్నట్లు ఈదావా?’ అని అడిగితే మనసు ఈతపై నిలుస్తుంది.