జ్వరం ఎన్నో రోజు?



వానలు పడి దోమలు పెరిగే రోజుల్లో మన ఇళ్ళల్లో తరచు వినిపించే మాట ఒకటుంది. “రక్తపరీక్ష చేయించామండీ, ఏమీ లేదన్నారు” అని. ఆ ‘ఏమీ లేదు’ను ఎంతవరకు నమ్మవచ్చు? అది తెలియాలంటే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. రక్తం తీసేనాటికి జ్వరం వచ్చి ఎన్నాళ్ళయింది?

మా వీధిలో ఒకావిడ, పిల్లవాడికి జ్వరం వచ్చిన రెండోనాడే పరీక్ష చేయించింది. డెంగీ లేదని కాగితం ఇచ్చారు. హమ్మయ్య అనుకుంది. ఐదోనాడు ఒళ్ళు చల్లబడింది. కాని పిల్లవాడు కడుపునొప్పితో, వాంతులతో వాలిపోయాడు. ఆసుపత్రిలో మళ్ళీ పరీక్షిస్తే డెంగీయే! సమయానికి వైద్యం అందబట్టి గట్టెక్కాడు. మరి మొదటి పరీక్ష అబద్ధం చెప్పిందా? లేదు. చెప్పగలిగే రోజు రాకముందే దాన్ని అడిగారు, అంతే.

ఇంట్లో దొంగ పడ్డాడనుకోండి. ఆ సంగతి రెండు విధాల తెలుస్తుంది. దొంగే కంటపడవచ్చు, లేదా వాడికోసం వచ్చిన పోలీసులు కనపడవచ్చు. పోలీసులు రావడానికి కొంత వ్యవధి పడుతుంది కదా! మన ఒంట్లోనూ అంతే. క్రిమి ప్రవేశించాక దాన్ని ఎదుర్కోవడానికి రక్తంలో యాంటీబాడీలు, అంటే ప్రతిరక్షకాలు తయారవుతాయి. డెంగీలో మొదట వచ్చే ఐజీఎం అనే రకం సాధారణంగా ఐదోనాటి నుంచి బాగా దొరుకుతుంది. ఆ పిల్లవాడికి రెండోనాడు చేసింది ఈ పరీక్షే. తొలి ఐదు రోజుల్లో వెతకవలసింది దొంగనే. డెంగీ వైరస్ రక్తంలోకి వదిలే ఎన్‌ఎస్1 అనే మాంసకృత్తును పట్టుకునే పరీక్ష అప్పుడు పనికివస్తుంది.

దాన్ని ఎలా పడతారంటారా? ఎలీసా అనే పద్ధతి ఉంది. 1971లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఎంగ్వాల్, పెర్ల్‌మన్ దీన్ని ప్రకటించారు. మన గుంటపొంగనాల పెనంలాంటి చిన్న ప్లాస్టిక్ పలక, దానికి 96 గుంటలు. గుంటల అడుగున ఎన్‌ఎస్1ను పట్టి ఉంచే ప్రతిరక్షకాన్ని ముందే అంటించి ఉంచుతారు. రోగి రక్తంలోని పైతేట, అంటే సీరం, అందులో పోస్తారు. ఎన్‌ఎస్1 ఉంటే అడుగున అతుక్కుంటుంది, లేనిదంతా కడుగులో పోతుంది. తరువాత ఎంజైము తగిలించిన మరో ప్రతిరక్షకాన్ని పోసి, మళ్ళీ కడిగి, చివర రంగునిచ్చే ద్రవం కలుపుతారు. రంగు వచ్చిందా, ఎన్‌ఎస్1 ఉన్నట్టే. కడగడంలో అశ్రద్ధ చేస్తే లేని రంగు వస్తుంది. అందుకే ప్రతి పలకలోనూ, ఉందని తెలిసిన నమూనా ఒకటి, లేదని తెలిసిన నమూనా ఒకటి పెట్టి సరిచూస్తారు.

పావుగంటలో ఫలితం చెప్పే చిన్న కార్డులూ ఉన్నాయి. వాటిలో ‘సి’ అన్నచోట గీత పడకపోతే ఆ కార్డు పనిచేయనట్టే లెక్క, ‘లేదు’ అని కాదు.

2020లో కరోనా వచ్చినప్పుడు అందరి నోటా నలిగిన ఆర్‌టీ-పీసీఆర్‌ది మరో దారి. వైరస్‌లోని ఆర్‌ఎన్‌ఏను ముందు డీఎన్‌ఏగా మార్చి, వేడిచేస్తూ చల్లబరుస్తూ దానికి నకళ్ళు తీస్తారు. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది, ఇలా ముప్పై ఆవృత్తులు సక్రమంగా జరిగితే ఒకటి నూరు కోట్లు దాటుతుంది! డెంగీలోనూ ఇది తొలిరోజులకే తగిన పరీక్ష.

టైఫాయిడ్‌కు చేసే వైడాల్ పరీక్ష 1896 నాటిది. అదీ ప్రతిరక్షకాలనే చూస్తుంది. కనుక మొదటివారంలో ‘లేదు’ అనవచ్చు. ఎప్పుడో వచ్చిపోయిన జ్వరం వల్లనో, టీకా వల్లనో ‘ఉంది’ అనీ అనవచ్చు. మందులు మొదలుపెట్టక ముందే రక్తం తీసి క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష ఇంతకంటే నమ్మదగినది.

ఇక మనం చేయవలసినవి. జ్వరం మొదలైన తేదీని కాలెండరు మీద గుర్తుపెట్టండి. డాక్టరుగారికి మొదట ఆ సంగతే చెప్పండి. “ఇది ఏ పరీక్షండీ, మళ్ళీ చేయించాలా?” అని మొహమాటపడకుండా అడగండి. పాత కాగితాలు పారేయవద్దు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ బిళ్ళలు ఇవ్వకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, జ్వరం తగ్గగానే నిశ్చింతగా ఉండకండి. డెంగీలో అసలు గండం తరచు అప్పుడే. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి రక్తం, చల్లబడిన చేతులు, మగత, వీటిలో ఏది కనిపించినా, కాగితం మీద ‘లేదు’ అని ఉన్నా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కాగితం చెప్పేది రక్తం తీసిన నాటి సంగతి. ఈ పూట బిడ్డ ఎలా ఉన్నాడో చూడవలసింది పక్కనున్న మనమే.

సెలవు.

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)