కాళంగి ఒడ్డుకు వచ్చిన జర్మనీ పల్లె

కాళంగి నది ఒడ్డునున్న సూళ్లూరుపేటలో రైలు దిగి ఆటో ఎక్కబోతే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "షార్‌కా సార్, చెంగాళమ్మ గుడికా?" షార్ అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం. కొత్తవాళ్లకు ఇక్కడ మూడో పని ఉంటుందని ఎవరూ అనుకోరు. నేను ఈసారి వచ్చింది ఒక జర్మనీ పల్లె జాడ వెతుక్కుంటూ. ఆ మాట ఆటో అతనికి చెప్పడానికి కాస్త మొహమాటపడి, శ్రీహరికోట రోడ్డులోని అటకానితిప్ప వైపు పోనిమ్మన్నాను.

ఆ పల్లె పేరు హెర్మన్స్‌బర్గ్. హాంబర్గ్ రేవుకు దక్షిణంగా ఎనభై కిలోమీటర్ల చిల్లర. మద్రాసు రేవుకు ఉత్తరాన సూళ్లూరుపేట కూడా దాదాపు అంతే దూరం. ల్యూనెబర్గ్ హీత్ అనే ఆ ప్రాంతమంతా ఇసుక నేల. పంట అంతంతమాత్రం. గొర్రెల మందలు, తేనెపట్లు, ఆగస్టు వచ్చిందంటే కనుచూపు మేర ఊదారంగు పూల తుప్పలు. అక్కడి పాస్టర్ లూయీ హార్మ్స్ రైతులతో వాళ్ల యాసలోనే కబుర్లు చెప్పేవాడట. 1849లో ఆయన మిషనరీలను తయారుచేసే బడి పెట్టి, రైతుబిడ్డలను, చేతిపనివాళ్లను చేర్చుకున్నాడు. మొదటి జట్టు పన్నెండు మంది.

వాళ్లను సముద్రం దాటించడమెలా? 1853లో ఆ పల్లె సొంతంగా ఓడే కట్టించుకుంది. సముద్రం కనపడని ఊరికి సొంత ఓడ! దాని పేరు కాండాస్. తూర్పు ఆఫ్రికాకని బయల్దేరినవాళ్లకు అక్కడ అడుగు పెట్టే వీలు దొరకలేదు. దక్షిణాన నటాల్‌లో దిగి అక్కడో హెర్మన్స్‌బర్గ్ కట్టుకున్నారు. ఆస్ట్రేలియా ఎడారి నడుమ 1877లో ఇంకొకటి వెలిసింది. మన దగ్గర మాత్రం ఆ పేరు ఎక్కడా పడలేదు. మన ఊళ్లకు పేర్లు ముందే ఉన్నాయి మరి.

తెలుగునేలకు వాళ్లు వచ్చింది 1865లో. తీసుకొచ్చినవాడు ఆగస్ట్ మిలియస్, అంతకుముందు తమిళనాట లీప్జిగ్ మిషన్‌లో పనిచేసినవాడు. తొలి మకాం సూళ్లూరుపేట. అటు నెల్లూరులో అప్పటికే అమెరికన్ బాప్టిస్టులున్నారు, ఇటు అరవదేశంలో లీప్జిగ్ వాళ్లున్నారు. నడుమ మిగిలిన తెలుగు చెక్క ఇది. ఇక్కడికి ఇంకా రైలు రాలేదు. బకింగ్‌హామ్ కాలువకు ఆ పేరే పెట్టలేదు. ఈ కబురంతా హార్మ్స్ చెవిన ఎంత పడిందో గానీ, ఆ ఏడాది నవంబరులోనే ఆయన కన్నుమూశాడు.

తర్వాత నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, శ్రీకాళహస్తి, రాపూరు, వాకాడు, తిరుపతి... మకాములు పెరిగాయి. వాళ్లు వచ్చింది మతం మార్చడానికే, అందులో దాపరికం లేదు. అయితే మాల, మాదిగ వాడల పిల్లలను బడి గడప తొక్కనివ్వని రోజుల్లో వాళ్ల ముందు పలక పెట్టినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. ఈ రెండిట్లో ఒకదాన్నే చెప్పి రెండోదాన్ని మింగేసే చరిత్రలు నాకు రుచించవు. తెలుగు అక్షరంతో జర్మన్ల పరిచయం అంతకన్నా పాతది. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు 1746 ప్రాంతంలో బెంజమిన్ షుల్ట్జ్ చలవతో వెలువడింది జర్మనీలోని హాలె పట్నంలోనే.

అటకానితిప్ప దగ్గర ఆటో ఆగింది. శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సును రెండుగా చీల్చుకుంటూ పోతోంది. ఇక్కడి పాతకాలపువాళ్లకు ఇది ప్రళయ కావేరి. స.వెం. రమేశ్ కథల పుస్తకానికి ఆ పేరే పెట్టారు. నీళ్లు మోకాటి లోతు. ఎండాకాలంలో చాలామేర బీటలువారిన బురద, దాని మీద ఉప్పు పొర. వానలు పడి నీళ్లు చేరాక రాజహంసలు దిగుతాయి, మెడలు వంచి ముక్కులు తలకిందులు చేసి బురదనీళ్లు వడకట్టుకుంటాయి. దూరం నుంచి చూస్తే నీళ్లమీద గులాబీరంగు చార. ఊదాపూల నేల నుంచి వచ్చినవాళ్లు ఈ చారను చూసి ఏమనుకుని ఉంటారు? నేలపట్టు చెరువులో గూడబాతులది మరో కథ. నీటిలో నిలిచిన చెట్లమీద గూళ్లు కడతాయి, వాటి రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని రైతులు వాటి జోలికి పోరు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి జర్మన్ అన్నవాడల్లా ప్రభుత్వానికి శత్రువయ్యాడు. దేశంలోని జర్మన్ మిషనరీలను నిర్బంధించి, 1915-16లో ఓడలెక్కించి పంపేశారు. ఆ పనికి వాడిన ఓడ పేరు గోల్కొండ! ఇక్కడి మకాములను అమెరికాలోని ఒహాయో లూథరన్లు అందుకున్నారు. 1945లో అది దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘంగా సొంత కాళ్లమీద నిలబడింది. దాని ముఖ్య కార్యాలయం తిరుపతిలో ఉంది.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. తిరిగివస్తుంటే షార్ బోర్డు చూసి గుర్తొచ్చింది. 1999 మే 26న పీఎస్‌ఎల్‌వీ-సీ2 ఎగిరింది. భారత రాకెట్ పరాయి దేశాల ఉపగ్రహాలను మోయడం అదే మొదలు. కొరియా ఉపగ్రహంతో పాటు అందులో ఒకటి బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయం చేసిన టబ్‌శాట్, బరువు 45 కిలోలు. 2001 అక్టోబర్ 22న జర్మనీదే ఇంకొకటి ఎగిరింది, పేరు బర్డ్. ఇన్ని పిట్టలున్న చోటికి పిట్ట పేరుతోనే వచ్చింది. దాని పని ఆకాశం నుంచి కార్చిచ్చులను కనిపెట్టడం.

1975 ఆగస్టులో ల్యూనెబర్గ్ హీత్ రోజుల తరబడి తగలబడింది. హార్మ్స్ ఊరి చుట్టుపక్కల పైన్ అడవులున్న నేల అది. అలాంటి మంటను పైనుంచి పసిగట్టే కన్ను సూళ్లూరుపేట మీదుగా, ఈ రోడ్డునే శ్రీహరికోటకు వెళ్లి, పైకెగిరింది.

"షార్‌లోకి పోవాలంటే పాస్ ఉండాల సార్" అన్నాడు ఆటో అతను. వెనక్కి తిప్పమన్నాను.