రూజ్‌వెల్ట్ సరస్సు మీద నీలి కమాను

ఫీనిక్స్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు ఇంటికి చుట్టాలొస్తే గ్రాండ్ కాన్యన్ చూపిస్తారు, సెడోనా చూపిస్తారు. నేను మాత్రం వీటితోపాటు రూజ్‌వెల్ట్ సరస్సుకి కూడా లాక్కెళ్తాను. ఊరు దాటి తూర్పుగా గ్లోబ్ దాకా పోయి, అక్కణ్ణుంచి 188వ నంబరు రోడ్డు ఎక్కితే, ఎండిన కొండల మధ్య ఉన్నట్టుండి పెద్ద జలాశయం, దానిమీద ఆకాశం రంగు వేసిన ఒకే ఒక్క ఉక్కు కమాను కనిపిస్తాయి. వచ్చినవాళ్ళు రెండు ఫోటోలు తీసుకుని "ఇంకేముంది ఇక్కడ?" అంటారు. వంతెనల డిజైన్‌తో బతికేవాణ్ణి కాబట్టి నాకు ఆ ప్రశ్న కాస్త గుచ్చుకుంటుంది. (ఈ వంతెన కట్టడంలో నా చెయ్యేమీ లేదు లెండి, అప్పటికి నేను నిక్కర్లలో ఉన్నాను.)

వంతెన 1990లో తెరిచారు. కమాను ఈ కొస నుంచి ఆ కొసకి 1,080 అడుగులు, అంటే దాదాపు 329 మీటర్లు. నీళ్ళలో ఒక్క స్తంభం కూడా లేదు. అంతకుముందు దాదాపు ఎనభై ఏళ్ళపాటు బండ్లన్నీ పక్కనున్న రూజ్‌వెల్ట్ డ్యామ్ నెత్తిమీద నుంచే వెళ్ళేవి. 1911లో మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్వయంగా వచ్చి ప్రారంభించిన రాతి ఆనకట్ట అది. మన సాగర్ లాగే రాయి మీద రాయి పేర్చి కట్టింది. దానిమీది రోడ్డు రెండు పాతకాలపు ఫోర్డ్ మోడల్ టీ కార్లు ఒకదాన్నొకటి తప్పుకునేంత వెడల్పే. పడవని వెనక తగిలించుకొచ్చే ఇప్పటి ట్రక్కు ఎదురైతే ఏమయ్యేదో ఊహించుకోండి.

అయితే వంతెన కట్టడానికి రోడ్డు ఇరుకు ఒక్కటే కారణం కాదు. 1976లో ఐడహోలో టీటన్ డ్యామ్ తెగిపోయింది, అదీ మొదటిసారి నింపుతుండగానే. ఆ దెబ్బతో పాత ఆనకట్టలన్నిటినీ మళ్ళీ లెక్కలు కట్టి చూడటం మొదలైంది. 1980 ఫిబ్రవరిలో సాల్ట్ నదికి వచ్చిన వరద ఫీనిక్స్ నగరాన్ని రెండు ముక్కలు చేసింది. నది దాటడానికి చివరికి రెండే వంతెనలు మిగిలాయి. రాగల అతి పెద్ద వరద కొత్త లెక్కల్లో రూజ్‌వెల్ట్ డ్యామ్ తలమీద నుంచి పొర్లుతుందని తేలింది. దీని దిగువన ఇంకో మూడు డ్యాములు, వాటి కింద నగరం. పైది తెగితే మిగతావి ఆగుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకని డ్యామ్‌ని 77 అడుగులు ఎత్తు పెంచాలనుకున్నారు. ఆ పని 1996లో పూర్తయింది. పాత రాతికట్టు మీద, దాని ముఖం మీద కాంక్రీటు కప్పేస్తే ఇక రోడ్డుకి చోటెక్కడిది? బండ్లకి ముందు వేరే దారి చూపించాలి. మనం ఫోటోలు తీసుకునే ఈ నీలి కమాను అలా పుట్టింది.

మా నాన్న సాగర్ కుడికాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. మొదటిసారి ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు ఆయన ఫోటో తీయమనలేదు. గట్టున నిలబడి చాలాసేపు చూసి, "ఒరే, కింద పిల్లరు లేదు కదా, బరువంతా ఎటు పోతోందిరా?" అన్నారు.

"కొండల్లోకి, నాన్నా."

"తన్నుతుందన్నమాట. మా మేస్త్రీ అనేవాడు, కమాను పెట్టిన గోడ బలంగా లేకపోతే తన్నుకుని పోతుందని."

నేను కాలేజీలో నాలుగేళ్ళు చదివింది ఆ మేస్త్రీ ఒక్క మాటలో చెప్పేశాడు! కమాను తన మీది బరువుని కిందికే కాదు, పక్కలకీ తోస్తుంది. ఆ తోపుని ఎవరో ఒకరు కాయాలి. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 28 కాంక్రీటు కమానుల రైలు వంతెన చూసే ఉంటారు. అక్కడ కమానులు నిలబడింది నది మధ్యలో స్తంభాల మీద. ఆ స్తంభాల నెత్తిన పక్కకి తంతే అవి తట్టుకోలేవు. అందుకే విల్లుకి అల్లెతాడు కట్టినట్టు కమాను రెండు కొసల్నీ పట్టాల మట్టంలోనే బిగించి కట్టారు. తన్నుని ఆ తాడే కాస్తుంది. ఇక్కడ తాడు అక్కర్లేదు, రెండువైపులా కొండలు కాచుకుని ఉన్నాయి. పైగా ఇది జలాశయం. మట్టం ఒక ఏడు నిండుగా, ఇంకో ఏడు ఎక్కడో అడుగున. డ్యామ్ పెరిగాక ఇంకా పైకి. అలాంటి చోట లోతు నీళ్ళలో పునాది దింపడం కంటే నీళ్ళ జోలికే పోకుండా దాటేయడం తెలివైన పని.

అందులోనూ ఒక చిక్కుంది. పూర్తయిన కమాను ఎంత గట్టిదో, సగం కట్టిన కమాను అంత నిస్సహాయంగా ఉంటుంది. నడుమ ముక్క పడేదాకా అది కమానే కాదు, గాలిలోకి చాచిన రెండు చేతులు. కింద సారువ కట్టడానికి నేల ఉండదు కాబట్టి ఇలాంటి చోట్ల సాధారణంగా రెండు సగాల్నీ ఉక్కు తాళ్ళతో వెనక కొండకి లాగి కట్టి, ఒక్కో ముక్కా ముందుకి పేర్చుకుంటూ వస్తారు. ప్రతి ముక్కకీ తాళ్ళ బిగువు మార్చాలి. పైగా ఎండొకటి. ఇంత పొడవు ఉక్కు కడ్డీని ఊరికే వదిలేస్తే 50 డిగ్రీల తేడాకి 20 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. కొసలు కొండల్లో బిగిసి ఉన్న కమానుకి పక్కకి జరిగే దారి లేదు కాబట్టి నడుము దగ్గర కొంచెం పైకి లేస్తుంది. అందుకే నడుమ ముక్క బిగించే పనికి ఎండ పొద్దు పనికిరాదు, ఉక్కంతా ఒకే వేడిమీద ఉండే తెల్లవారుజాము లాంటి వేళ చూసుకుంటారు. డిజైన్ పుస్తకాల్లో ఎక్కువ పేజీలు తయారైన వంతెన గురించే ఉంటాయిగానీ, నన్నడిగితే అసలు ఇంజనీరింగ్ ఆ మధ్యలో వేలాడే నెలలదే.

నాన్న రెండోసారి వచ్చినప్పుడు జులై. మధ్యాహ్నం రెండింటికి వంతెన దగ్గర కారాపమని, రెయిలింగ్ మీద చెయ్యేసి చటుక్కున తీసేసుకుని, "ఇప్పుడు పైకి లేచి ఉంటుంది కదరా?" అన్నారు. లేచే ఉంటుంది. కంటికి కనిపించదంతే.