మంత్రము వదలి మందు పట్టుకొన్న లోకము

మంత్రాలకు చింతకాయలు రాలవని మన సామెత. మందు వేరు, మంత్రము వేరు అని విడదీయటము ఈ కాలపు వారికి సహజముగా తోచును. అట్లు విడదీసినప్పుడు చేజారిపోయేది ఏమిటో తెలియవలెనన్న మెక్సికో దేశములోని ఒక కొండ ఊరి కథ వినవలెను.

ఆ దేశపు దక్షిణభాగమున వాహాకా రాష్ట్రములో హువాట్లా అనే ఊరు ఉన్నది. అక్కడివారు మాసటెక్ జాతివారు. వానలు పడగానే ఆ కొండలలో కొన్ని చిన్న పుట్టగొడుగులు మొలుచును. వాటిని తిన్నవారికి కొన్ని గంటలపాటు కండ్లు మూసినా రంగులు, రూపములు కానవచ్చును. కాలము గడచుట తెలియదు. అటువంటి పుట్టగొడుగులను ఆ దేశపు పూర్వులు విందులలో తేనెతో తినేవారని 16వ శతాబ్దిలోనే సహగూన్ అనే స్పానిష్ సన్యాసి వ్రాసి ఉంచినాడు. క్రైస్తవ గురువులు దానిని సైతాను పని అని ఖండించినారు. అయినను ఆచారము నశించలేదు. కొండలలోనికి, చీకటి రాత్రులలోనికి తప్పుకొన్నది.

హువాట్లాలో ఈ విద్యకు పేరు పొందిన వైద్యురాలు మారియా సబీనా (1894–1985). ఆమెకు చదువు రాదు. మాసటెక్ తప్ప వేరు భాష తెలియదు. పుట్టగొడుగులను ‘పవిత్ర శిశువులు’ అని పిలిచేది. వాటిని ఊరక తినరాదు. నయము కావలసిన రోగి ఉండవలెను. ముందు నాలుగు దినములు, వెనుక నాలుగు దినములు బ్రహ్మచర్యము పాటించవలెను. రాత్రివేళ పునీతుల పటముల ముందు కూర్చుండి, జతలు జతలుగా తిని, దీపము ఆర్పివేయవలెను. ఆ చీకటిలో ఆమె తెల్లవారువరకు పాడేది. రోగము ఎక్కడనుండి వచ్చినది, రోగి బ్రతుకునా అని వెదకే పాట అది.

ఆ పాటలో భాషోపాధ్యాయులు గమనింపదగిన విశేషము ఒకటి ఉన్నది. పలుకు పలుకునకు చివర ‘అంటున్నది’ అనే అర్థముగల చిన్న మాట వచ్చును. మన తెలుగులో ‘అట’ చేసే పని దాదాపు అదే. ఈ మాట నాది కాదు, విన్నది చెప్తున్నాను అని దాని భావము. పలికేది తాను కాదు, పుట్టగొడుగే పలుకుతున్నదని ఆమె విశ్వాసము. అక్షరమెరుగని ఆ స్త్రీ తనకు దర్శనములో ఒక గ్రంథము కనిపించినదనీ, తన విద్యయంతయు అందులోనిదేననీ చెప్పినది.

1955 జూన్ 29 రాత్రి గోర్డన్ వాసన్ అనే అమెరికా బ్యాంకు అధికారి ఆమె సమక్షమున పుట్టగొడుగులు తిన్నాడు. ఊరి అధికారి ఒకడు కోరినందున ఆమె కాదనలేదు. 1957 మే నెలలో వాసన్ తన అనుభవమును ‘లైఫ్’ పత్రికలో ప్రకటించినాడు. ఆమె పేరు మార్చి వ్రాసినా గుట్టు దాగలేదు. 1960లలో పరదేశపు యువకులు గుంపులు గుంపులుగా ఆ కొండ ఎక్కినారు. వారి వెంట రోగి లేడు, వారికి నియమము లేదు, ఆ భాష రాదు. వారి వెనుకనే పోలీసులు వచ్చినారు. ఊరివారు మారియా సబీనాపై కినిసినారు. ఆమె ఇల్లు కాలిపోయినది. పరదేశులు వచ్చిన పిదప పవిత్ర శిశువుల బలము తగ్గిపోయినదని ఆమె వృద్ధాప్యములో ఆల్వరో ఎస్త్రాదా అనే స్వజాతి రచయితతో చెప్పుకొన్నది. ఆమె చెప్పిన జీవితకథను ఆయన 1977లో ప్రకటించినాడు.

ఇంతలో శాస్త్రము తన పని తాను చేసినది. స్విట్జర్లాండు రసాయనశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హోఫ్మన్ 1958లో ఆ పుట్టగొడుగులనుండి సిలోసైబిన్ అనే పదార్థమును వేరుచేసినాడు. 1962లో దానిని మాత్రలుగా తెచ్చి మారియా సబీనాకే ఇచ్చినాడు. పుట్టగొడుగుల శక్తి మాత్రలలోనూ ఉన్నదని ఆమె ఒప్పుకొన్నది. కాని ఆమె పాట ఏ మాత్రలోనూ ఇమడలేదు. 1971 అంతర్జాతీయ ఒడంబడిక ఆ పదార్థమును కఠిన నిర్బంధమున ఉంచినది. ఈ శతాబ్దిలో విశ్వవిద్యాలయములు మనోరోగ చికిత్సకై దానిని మరల పరిశీలిస్తున్నవి. అక్కడ కూడ రోగిని ఒంటరిగా విడువరు. శిక్షణ పొందినవారు ప్రక్కన కూర్చుందురు, సంగీతము వినిపింతురు. మంత్రమును వదలిన లోకము దాని చోట ఉంచుటకు మరియొక పాటను వెదకుకొనవలసి వచ్చినది.

ఈ వాసనే 1968లో మన వేదముల జోలికి కూడ వచ్చినాడు. ఋషులు సేవించిన సోమము ఎర్రని గొడుగుగల ఒక పుట్టగొడుగేనని గ్రంథము వ్రాసినాడు. ఇతరులు వేరు మొక్కలను చూపినారు, వాదము తెగలేదు. ఋగ్వేదము తొమ్మిదవ మండలములోని 114 సూక్తములు సోమమును గూర్చినవే. రాళ్లతో నూరుట, ఉన్ని జల్లెడలో వడపోయుట, పాలతో కలుపుట అన్నీ వాటిలో ఉన్నవి. మొక్క ఏదో మాత్రము మరుగుపడినది. యజ్ఞములలో దానికి బదులు వేరు మొక్కలు వచ్చినవి. మన దగ్గర మందు పోయి మంత్రము నిలిచినది. హువాట్లా మందు లోకమెల్ల ప్రాకినది. మంత్రము ఆ కొండమీదనే ఉండిపోయినది.

పుట్టగొడుగులలో ప్రాణము తీసేవి ఉన్నవి, మనస్సును తలక్రిందులు చేసేవి ఉన్నవి. రోగి, నియమము, చీకటి, పెద్ద దిక్కు, పాట: ఇవన్నీ అంతటి శక్తి చుట్టూ మాసటెక్ వారు కట్టుకొన్న కంచె. దానిని మూఢాచారమని నవ్వినవారు కంచె పెరికి చేనులోకి వెళ్ళినారు.

1958 జూలైలో ఒక రోగిష్ఠి యువకుని కొరకు మారియా సబీనా రాత్రియంతయు పాడినది. అతడు బ్రతుకడని ఆమెకు తోచినది. ఆ మాట దాచలేదు. కొంతకాలమునకే అతడు మరణించినాడు. ఆనాటి పాటను యంత్రముపై ముద్రించి, మాసటెక్ మాటలతో సహా 1974లో గ్రంథముగా వెలువరించినారు. ఆ భాష మాట్లాడేవారు నేటికిని ఆ కొండలలో ఉన్నారు. ఆ విద్యను తెలియగోరువాడు మొదట నేర్వవలసినది వారి భాష.