మిరుగం వచ్చిందని ఎవరు చెబుతారు?

మీ ఇంట్లో గోడకు తెలుగు క్యాలెండరు ఉంటే, జూన్ నెల కాగితం తీసి 7, 8 తేదీల గడులు కాస్త దగ్గరగా చూడండి. తిథికీ వర్జ్యానికీ మధ్య ఎక్కడో ఇరుక్కుని, చిన్న అక్షరాలతో "మృగశిర కార్తె" అని ఉంటుంది. మరి రెండు వారాలు పోయాక, 21, 22 తేదీల దగ్గర "ఆరుద్ర కార్తె" అని కనిపిస్తుంది. పట్నంలో ఈ ముక్కలు పెద్దవాళ్ళు కూడా చదవరు. పొలం ఉన్నవాళ్ళ ఇంట్లో మాత్రం అన్నిటికన్నా ముందు చూసేవి ఇవే.

కార్తె అంటే ఏమిటి? చిన్న ఆట ఆడితే తెలుస్తుంది. గది నడుమ బల్ల మీద ఒక దీపం పెట్టండి. చుట్టూ గోడల మీద వరుసగా 27 గుర్తులు పెట్టి, దీపం చుట్టూ మెల్లగా నడవండి. మీరు నడిచినకొద్దీ దీపం వెనక కనబడే గుర్తు మారుతూ ఉంటుంది. దీపమే సూర్యుడు. మీరు భూమి. గోడ మీది గుర్తులు అశ్విని, భరణి మొదలైన 27 నక్షత్రాలు. భూమి సూర్యుణ్ణి చుట్టి రావడానికి 365 రోజుల పైచిల్లర పడుతుంది. దాన్ని 27 భాగాలు చేస్తే ఒక్కొక్కటి సుమారు పదమూడున్నర రోజులు. సూర్యుడు ఏ నక్షత్రం సరసన కనబడవలసి ఉంటే అప్పుడు ఆ కార్తె.

"కనబడవలసి ఉంటే" అని ఎందుకన్నానంటే, నిజానికి అప్పుడా నక్షత్రం మనకు కనబడదు. దీపం వెనక ఉన్న గుర్తు వెలుగులో కలిసిపోయినట్టే, మృగశిర కార్తెలో మృగశిర నక్షత్రం సూర్యుడితోపాటు పొడిచి సూర్యుడితోపాటే కుంకుతుంది.

మన పండుగలు చాలావరకు చంద్రుణ్ణి అనుసరించి వస్తాయి గనుక ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతాయి. కార్తెలు అట్లా జరగవు. వానలను తెచ్చేది సూర్యుడి వేడి గనుక, రైతు కూడా సూర్యుడి లెక్కనే పట్టుకున్నాడు. ఆ లెక్క మరిచిపోకుండా సామెతలు కట్టుకున్నాడు. మే 25 ప్రాంతాన వచ్చే రోహిణిలో ఎండకు రోళ్ళు పగులుతాయన్నాడు. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందన్నాడు. స్వాతి కురిస్తే చట్రాయి కూడా పండుతుందట! "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెత మీరు వినే ఉంటారు. ఉత్తర కార్తె సెప్టెంబరు నడుమ వస్తుంది. అప్పటికీ వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు విడవవలసిందేనని దాని అర్థం. ఇది వేళాకోళానికి పుట్టిన సామెత కాదు.

మా పాలమూరు వైపు మృగశిరను "మిరుగం" అంటారు. మిరుగం నాడు చేపలు తినాలని పట్టుపట్టేవాళ్ళు చాలామంది. ఆ రోజున బజారులో చేపల ధర అడగకపోవడమే మంచిది.

క్యాలెండరు చూడకుండానే మిరుగం వచ్చిందని చెప్పగలవాళ్ళు కొందరున్నారు. వాళ్ళకు చదువు రాదు. మొదటివి ఉసిళ్ళు. తొలివాన వెలిసిన సాయంకాలం పుట్టల్లోనుంచి గుంపులుగా లేచి, దీపం చుట్టూ మూగి, తెల్లవారేసరికి గుమ్మం నిండా రెక్కలు రాల్చిపోతాయి. ఇవి చెదపురుగులే. కొత్త పుట్ట పెట్టడానికి జంటలు జంటలుగా బయలుదేరతాయి. నేల మెత్తబడితేనే వాటికి తవ్వడం వీలవుతుంది.

తరవాత వచ్చేది ఆరుద్ర పురుగు. ఎర్ర మఖమలు గుడ్డలోనుంచి కత్తిరించినట్టుగా, తడి నేల మీద నింపాదిగా నడిచిపోతూ ఉంటుంది. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని ఊరుకుంటుంది. దాని కాళ్ళు లెక్కపెట్టి చూడండి: ఎనిమిది. అంటే అది అసలు పురుగే కాదు, సాలెపురుగుకు చుట్టం. సంవత్సరంలో చాలా భాగం నేల లోపలే ఉండి, మంచి వాన పడగానే తిండి కోసమూ జత కోసమూ పైకి వస్తుంది. ఇంత ఎర్రగా కనబడుతూ పట్టపగలు తిరిగినా పిట్టలు దాని జోలికి పోవు. దాని రుచి వాటికి గిట్టదు. "నన్ను తింటే నీకే నష్టం" అని ఆ ఎరుపు చెబుతుందన్నమాట. చిన్నప్పుడు మేము వాటిని అగ్గిపెట్టెల్లో పెట్టి బడికి తీసుకుపోయేవాళ్ళం. ఒక్కటి కూడా రెండు రోజులు బతికేది కాదు. మీరు ఆ పని చేయకండి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక సంవత్సరం మిరుగం సరిగ్గా మొదటి రోజునే కురిసింది. ఉసిళ్ళు లేచాయి. ఆరుద్ర పురుగులు కూడా నాలుగైదు కనబడ్డాయి. తాత గాదెలోనుంచి విత్తనపు జొన్నలు తీశాడు.

"ఇంకొక్క వాన పడనియ్యరాదా?" అన్నది నాయనమ్మ.

"మిరుగం మాట తప్పుతదా?" అన్నాడు తాత.

మర్నాడే చెలకలో గొర్రు కట్టి విత్తేశారు. మొలకలు వచ్చాయి. వాన మళ్ళీ రాలేదు. పది రోజులకు మొలకలు వడిలాయి. పదిహేను రోజులకు దుమ్ములో కలిసిపోయాయి. తాత ఊళ్ళో ఒకరి దగ్గర జొన్నలు నాగుకు తెచ్చాడు. నాగు అంటే, తూము తెచ్చుకుంటే పంట వచ్చాక తూమున్నర కొలవాలి. ఆ గింజల మూట అరుగు మీద పెట్టుకుని, పగలంతా మబ్బు వైపు చూస్తూ కూచునేవాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు.

అప్పుడు మేము పిల్లలం కప్పతల్లి ఆట ఆడాం. రోకలి నడుమ వేపమండలు చుట్టి, వాటిలో ఒక కప్పను తడిగుడ్డతో కట్టి, ఇద్దరు భుజాన మోస్తుంటే మిగతావాళ్ళం వానదేవుణ్ణి పిలిచే పాట పాడుతూ ఇంటింటికీ పోయాం. ప్రతి ఇంటి ఇల్లాలూ బిందెడు నీళ్ళు తెచ్చి కప్ప మీద పోసింది. మా గుమ్మంలో నాయనమ్మ కూడా పోసి, "ఇగ దాన్ని ఇడిచిపెట్టుండ్రి, దానికీ పిల్లలుంటయి" అన్నది. చెరువులో మిగిలిన కాసిని నీళ్ళలో వదిలిపెట్టాం.

ఆ రాత్రి వాన రాలేదు. ఆ వారమూ రాలేదు. దాదాపు పాతిక రోజుల తరవాత, పునర్వసు కార్తెలో వచ్చింది. ఆ రాత్రి చెరువు కింద కప్పలు అరిచిన అరుపు నాకిప్పటికీ జ్ఞాపకమున్నది. గోదురు కప్పలు ఎండాకాలమంతా మట్టిలో దూరి పడుకుంటాయి. వాననీళ్ళు లోపలికి ఇంకగానే పైకి వస్తాయి. అప్పుడు మగకప్పలు నిమ్మపండు రంగుకు తిరిగి, గొంతు కింది సంచులు ఉబ్బించి ఆడకప్పలను పిలుస్తాయి. ఆడవి అంతగా అరవవు. కప్ప అరిచింది గనుక వాన వచ్చిందనుకున్నవాళ్ళు కారణాన్నీ కార్యాన్నీ తారుమారు చేశారు. అయినా, మేము పోయించిన ఆ నీళ్ళ వల్ల ఆ కప్ప చర్మం ఎండిపోకుండా బతికి ఉండవచ్చు. కప్ప చర్మంతో కూడా గాలి పీలుస్తుంది గదా!

మరి మిరుగం ఎందుకు మాట తప్పింది? తప్పు తాతది కొంత. కార్తె వానవేళను చెబుతుంది గాని, నేల ఎంత తడిసిందో చెప్పదు. అది చూడవలసింది పదును. నేల లోతుగా తడిసి, మట్టిని పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి. ఈనాడు వ్యవసాయ శాస్త్రజ్ఞులు కూడా, వానాధారపు పంటకు 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకనే విత్తమని చెబుతున్నారు. నాయనమ్మకు మిల్లీమీటర్లు తెలియవు. ఇంకొక్క వాన అన్నదంతే.

కొంత తప్పు ఆకాశానిది కూడా! భూమి బొంగరంలాగా తిరుగుతూ, బొంగరంలాగానే బహు మెల్లగా తల ఊపుతున్నది. అందువల్ల రుతువులు నక్షత్రాల లెక్క నుంచి సుమారు 71 సంవత్సరాలకు ఒక రోజు చొప్పున జరిగిపోతున్నాయి. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో, సూర్యుడు దక్షిణానికి తిరగడం కర్కాటకం మొదట్లో, అంటే పునర్వసు చివరి పాదంలో జరుగుతున్నదని రాశాడు. అంతకు పూర్వం అది ఆశ్లేష నడుమ జరిగేదని కూడా ఆయనకు తెలుసు. ఇప్పుడది జూన్ 21 ప్రాంతాన, ఆరుద్ర మొదట్లో జరుగుతున్నది. వెయ్యేళ్ళ కిందట ఆరుద్ర మొదటి రోజున రావలసిన వాన నేడు మృగశిర మొదటి రోజున రావాలన్నమాట. కాబట్టి ఒక సామెత మరీ పాతదయితే అది ఒక కార్తె అటో ఇటో అయి ఉండవచ్చు. దానికి తోడు గాలీ సముద్రమూ వేడెక్కుతున్న ఈ రోజుల్లో వానలు పాత లెక్కకు లొంగడం లేదు.

రెండోసారి విత్తిన జొన్న బాగానే వచ్చింది. కలుపుకు ఆడవాళ్ళు వరుసగా కూచుని సాగుతుంటే నాయనమ్మ పాట ఎత్తుకున్నది. నెలన్నర తరవాత ఆమె గొంతు వినడం అదే. ఈ పాటలు ఊరికే పొద్దుపోవడానికి పాడేవి కావు. ఒకరు చరణం చెబితే తక్కినవాళ్ళు పల్లవి అందుకుంటారు. ఆ లయతో చేతులన్నీ ఒకేసారి ఆడతాయి. ఎవరూ వెనకబడరు, ఎవరూ ముందుకు ఉరకరు. వరినాట్లలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ వంగి, వెనక్కు అడుగులు వేస్తూ నాటాలి. పాట ఆగితే వరుస వంకరపోతుంది. మోట తోలేవాడి పాట ఎద్దుల నడకకు సరిపోయేది. మోటకు బదులు కరెంటు మోటారు వచ్చాక ఆ పాటకు పని లేకపోయింది. కలుపు మందు చల్లే చోట కలుపు పాట కూడా వినపడదు.

అదృష్టవశాత్తు కొందరు పెద్దలు ఊళ్ళు తిరిగి ఇటువంటి పాటలను రాసుకున్నారు. బిరుదురాజు రామరాజు గారి "తెలుగు జానపద గేయ సాహిత్యము" 1958లో అచ్చయింది. సినిమావాళ్ళు కూడా ఈ బాణీలను వదలలేదు. 1955లో వచ్చిన "రోజులు మారాయి" చిత్రంలో కొసరాజు గారు రాసిన ఏరువాక పాటను మీ తాతలకు గుర్తు చేసి చూడండి, తప్పకుండా అందుకుంటారు.

ఈసారి మిరుగం నాటికి ఒక పుస్తకం కుట్టుకోండి. ఉసిళ్ళు లేచిన తేదీ, మొదటి ఆరుద్ర పురుగు కనబడిన తేదీ, కప్పలు అరిచిన రాత్రి, పక్కన ఆనాటి కార్తె రాయండి. ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ కార్తె మీద సామెతో పాటో వస్తే, అది కూడా వాళ్ళు చెప్పినట్టే, వాళ్ళ యాసలోనే రాసుకోండి. దిద్దకండి.

డిసెంబరు వచ్చాక, రాత్రి ఎనిమిది గంటలకు డాబా ఎక్కి తూర్పుకేసి చూడండి. మూడు చుక్కలు ఒకే వరుసలో నిలువుగా కనబడతాయి. మా ఊళ్ళో వాటిని గొల్లకావడి అంటారు. వాటికి ఎడమ పక్కన ఎర్రగా మెరిసేది ఆరుద్ర. ఇంకాస్త పైన, ఒకదానికొకటి ఆనుకుని మసకగా ఉన్న మూడు చిన్న చుక్కలు మృగశిర. జూన్‌లో సూర్యుడి వెలుగు చాటున ఉండిపోయింది అవే.