రక్షణ ఉత్తర్వు ఉన్నప్పుడు బిడ్డను చూపించేదెట్లా?

కొట్టే భర్త మీద రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్న స్త్రీని వాడ పెద్దమనుషులు మొదట అడిగే మాట ఒకటే: 'తండ్రికి బిడ్డను చూపించవా?' దీనికి జవాబు 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టంలోనే ఉంది. మనమే చదవకుండా వదిలేస్తున్నాం.

18వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ భర్తను హింస చేయొద్దని, ఆమె పని చేసే చోటికి రావొద్దని, ఫోనులో కూడా మాట్లాడొద్దని ఆదేశించవచ్చు. 21వ సెక్షన్ కింద బిడ్డను తాత్కాలికంగా తల్లి దగ్గర ఉంచి, తండ్రి ఎట్లా చూడాలో నిర్ణయించవచ్చు. ఆ చూడటం వల్ల బిడ్డకు హాని అని మేజిస్ట్రేట్‌కు తోస్తే నిరాకరించి తీరాలి. 'నిరాకరించవచ్చు' అని కాదు చట్టం అన్నది.

చిక్కంతా ఉత్తర్వు రాసే తీరులో ఉంది. 'తండ్రి ఆదివారాలు బిడ్డను చూడవచ్చు' అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే, ఎక్కడ చూడాలి? వాడలో ఇద్దరి ఇళ్లూ ఒకే వరసలో ఉంటాయి. మేనరికమైతే చుట్టాలూ ఒకరే. బిడ్డ కోసమని గడప దాకా వచ్చినవాడు గడప దాటడా? పోలీసులనడిగితే 'కోర్టే చూడమంది గదా' అంటారు.

కులాంతర వివాహమైతే కథ ఇంకోటి. తండ్రి ఇల్లు ఊళ్లో, తల్లి ఇల్లు వాడలో. ఏనాడూ ఆమెను లోపలికి రానివ్వని ఇంటికి బిడ్డను పంపమంటారు. సాయంత్రానికి బిడ్డ తిరిగి రాకపోతే ఆ ఇంటి ముందు నిలబడి అడగడానికి వాడ నుంచి ఎవరు పోతారు?

అందుకే అర్జీలోనే అన్నీ అడగాలి. చూసే చోటు తల్లి ఇల్లూ తండ్రి ఇల్లూ కాకుండా, బడో అంగన్‌వాడీయో కోర్టు ఆవరణో కావాలి. గంటలు రాయించాలి. బిడ్డను తీసుకుపోయేది తల్లి కాకుండా నమ్మకమైన మరో మనిషి అయితే మేలు. తాగి వస్తే చూపించనక్కర లేదని కూడా రాయించాలి. చోటు దూరమైతే బస్సు చార్జీ, పోయిన కూలీ తల్లి నెత్తినే పడతాయి; వకీళ్లకు ఇది తట్టదు, మనమే చెప్పాలి.

ఇంకో సంగతి. ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించే 31వ సెక్షన్ 'రక్షణ ఉత్తర్వు' మీరడం గురించే మాట్లాడుతుంది. కాబట్టి చూపించే షరతులను 18వ సెక్షన్ ఉత్తర్వులో కూడా చేర్చమని అడగాలి. తర్వాత పరిస్థితి మారితే 25వ సెక్షన్ కింద మార్పించుకోవచ్చు. వకీలు ఖర్చుకు భయపడక్కర్లేదు: 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. అర్జీ మండల న్యాయ సేవల కమిటీలో ఇవ్వొచ్చు.